సాయంత్రం కరెంటు ఖరీదు: గ్రిడ్ బ్యాటరీల లెక్క

మన దేశంలో కరెంటుకు ఇప్పుడు రోజుకు రెండు ధరలున్నాయి. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజిలో యూనిట్ రెండు మూడు రూపాయలకే దొరుకుతుంది. 2025 మే నెలలో ఒక ఆదివారం పగలు, అప్పటికప్పుడు కొనే రియల్‌టైమ్ మార్కెట్లో ధర దాదాపు సున్నాకు పడిపోయింది. పొద్దుగూకి ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు ఒక్కసారిగా అందుకునేసరికి కథ మారిపోతుంది. అదే యూనిట్ కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి గీసిన పది రూపాయల గీతను తాకే సాయంత్రాలు ఏటా వస్తూనే ఉన్నాయి.

సోలార్ వేగంగా పెరగడమే ఈ తేడాకు మూలం. 2025 జనవరిలో దేశంలో సోలార్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. అదంతా పగటి కరెంటు. మరోవైపు బొగ్గు కేంద్రాలను మధ్యాహ్నం ఆపేసి సాయంత్రం మళ్లీ వెలిగించడం కుదరదు. బాయిలరు చల్లారితే తిరిగి వేడెక్కడానికి గంటలు పడుతుంది. అందుకని వాటిని సామర్థ్యంలో 55 శాతం కంటే దిగువకు దించకుండా నడుపుతారు. పగలు బొగ్గు కరెంటు అంతకంటే తగ్గదు, సోలార్ కరెంటు వచ్చి పడుతూనే ఉంటుంది. రాజస్థాన్‌లో సోలార్ కేంద్రాలను పట్టపగలు ఆపించాల్సి రావడానికి ఇదొక కారణం, ఆ కరెంటును మోసుకుపోయే లైన్లు చాలకపోవడం మరొకటి. సాయంత్రం ఆరున్నర దాటాక మాత్రం ఎక్కడ దొరికితే అక్కడ, చెప్పిన ధరకు కొనే పరిస్థితి.

ఈ మధ్యాహ్నపు మిగులును సాయంత్రపు కొరతకు చేర్చే పని బ్యాటరీ చేయగలదు. ఎంత ఖర్చుతో, ఎవరి ఖర్చుతో అన్నదే తేలవలసింది. నాలుగేళ్ల కిందట దీనికి జవాబు నిరాశగా ఉండేది. ఇప్పుడు లేదు. కానీ ధర తగ్గినంత మాత్రాన మన బిల్లు తగ్గుతుందని అనుకోవడం తొందరపాటు. బ్యాటరీ లెక్కలో కొన్న ధర సగమే. మిగతా సగం దాన్ని ఏడాదికి ఎన్నిసార్లు నింపి ఖాళీ చేశామన్నది. మన చర్చల్లో ఆ రెండో సగం దాదాపుగా వినిపించడం లేదు.

ధర ఎలా పడింది

2010లో లిథియం అయాన్ బ్యాటరీ ప్యాకు ధర కిలోవాట్ అవర్‌కు 1,100 డాలర్ల పైన ఉండేది. 2024 నాటికి అది 115 డాలర్లకు వచ్చిందని బ్లూమ్‌బెర్గ్ ఎన్ఈఎఫ్ సర్వే లెక్కగట్టింది. దీని వెనుక గ్రిడ్ కోసం జరిగిన పరిశోధన తక్కువ. సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఆ తర్వాత కార్లు ఈ పరిశ్రమను పెంచి పోషించాయి. చైనాలో అవసరానికి మించి ఫ్యాక్టరీలు వెలిశాయి. 2022 చివర్లో టన్ను ఆరు లక్షల యువాన్లకు చేరువైన లిథియం కార్బొనేట్ 2024లో లక్ష యువాన్ల దిగువకు జారింది.

గ్రిడ్ బ్యాటరీల్లో ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. దీనికి కోబాల్ట్, నికెల్ అక్కర్లేదు. బరువు కొంచెం ఎక్కువైనా నేల మీద కదలకుండా కూర్చునే పెట్టెకు బరువుతో పేచీ లేదు. పైగా వేల సార్లు నింపినా తట్టుకుంటుంది. ఈ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి లోకానికి చెప్పిన పరిశోధన పత్రంలో జాన్ గుడ్ఎనఫ్‌తో పాటు అక్షయ పాఢి, నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయుల పేర్లున్నాయి. గుడ్ఎనఫ్‌కు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనవాళ్ల చేతులు పడిన ఆ సరుకును ఇవాళ మనం చైనా నుంచి కొంటున్నాం. ఆ విషయానికి తర్వాత వస్తాను.

మన దేశపు వేలాల్లో ఈ పతనం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ బ్యాటరీని సాధారణంగా అద్దె పద్ధతిలో తీసుకుంటారు. కంపెనీ బ్యాటరీ పెట్టి నిర్వహిస్తుంది, కరెంటు పోసేదీ తీసుకునేదీ పంపిణీ సంస్థ, అంటే డిస్కం. మెగావాటుకు నెలకు ఇంత అని అద్దె. 2022 ఆగస్టులో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ పిలిచిన తొలి పెద్ద టెండరులో (500 మెగావాట్లు, రెండు గంటల నిల్వ) ఆ అద్దె 10.83 లక్షల రూపాయలు పలికింది. 2024 మొదట్లో గుజరాత్ వేలంలో నాలుగున్నర లక్షల దరిదాపుకు వచ్చింది. ఆ ఏడాది చివరికి రాజస్థాన్‌లో రెండుంపావు లక్షలకు దిగింది. 2025లో రెండు లక్షల లోపు పలికిన వేలాలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ సబ్‌స్టేషన్ల పక్కన బ్యాటరీలు పెట్టడానికి టెండర్లు పిలిచింది ఈ దశలోనే.

ఇదంతా కేంద్రం ఇచ్చే సబ్సిడీ మహిమేనని కొందరి వాదన. లెక్క వేసి చూద్దాం. వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరిట 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మొదటి పథకం పెట్టుబడిలో 40 శాతం దాకా ఇస్తామంది. 2025లో వచ్చిన రెండో విడత 30 గిగావాట్ అవర్లకు 5,400 కోట్లు, అంటే మెగావాట్ అవర్‌కు 18 లక్షలు. రెండు గంటల నిల్వకు మెగావాటుకు 36 లక్షలవుతుంది. పది శాతం వడ్డీతో పన్నెండేళ్లకు పంచితే నెలకు నలభై నాలుగు వేల చిల్లర. దాన్ని అద్దెకు కలిపినా రెండున్నర లక్షలు దాటదు. పదకొండు లక్షల నుంచి ఇక్కడికి దిగడంలో సబ్సిడీ వాటా స్వల్పం, సరుకు చవకవడమే ప్రధానం. ఈ విషయంలో బ్యాటరీ పక్షం చెప్పేది నిజం.

అయితే వేలంలో పలికిన ధర, నిలబడి పనిచేసే బ్యాటరీ రెండూ ఒకటి కావు. 2025 మొదట్లో దేశమంతటా గ్రిడ్‌కు తగిలించిన బ్యాటరీలన్నీ కలిపినా వెయ్యి మెగావాట్ అవర్లకు చాలా దిగువనే ఉన్నాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రణాళిక ప్రకారం 2031-32 నాటికి కావలసినవి 2,36,220 మెగావాట్ అవర్లు. అనుభవం లేని సంస్థలు కూడా అతి తక్కువ ధర కోట్ చేసి టెండర్లు దక్కించుకుంటున్న ఈ సమయంలో వాటిలో కొన్ని మధ్యలో చేతులెత్తేసే ప్రమాదం తోసిపుచ్చలేనిది.

యూనిట్‌కు ఎంత పడుతుంది

నెలకు రెండు లక్షల అద్దె అంటే సామాన్యుడికి ఏమీ తెలియదు. యూనిట్లలోకి మార్చుకుందాం. ఒక మెగావాట్, రెండు గంటలు: నిండా నింపితే రెండు వేల యూనిట్లు. రోజుకు ఒకసారి నింపి ఖాళీ చేస్తే నెలకు అరవై వేలు. అద్దెను దానితో భాగిస్తే యూనిట్‌కు మూడు రూపాయల ముప్పైమూడు పైసలు. నింపడానికి కొనే కరెంటు ఖర్చు వేరు. నూరు యూనిట్లు పోస్తే ఎనభై ఐదే తిరిగి వస్తాయి, తక్కినవి వేడిగా పోతాయి. మధ్యాహ్నం రెండున్నర రూపాయలకు కొన్న యూనిట్ సాయంత్రానికి రెండు రూపాయల తొంభైనాలుగు పైసలవుతుంది. మొత్తం ఆరు రూపాయల పాతిక పైసల చిల్లర, పన్నులు కాక.

కొత్తగా కట్టే బొగ్గు కేంద్రాల కరెంటు కూడా ఇటీవలి ఒప్పందాల్లో ఆరు రూపాయల అటూ ఇటూగానే ఉంటోంది. అంటే సాయంత్రపు రెండు గంటల కోసం బ్యాటరీ ఇప్పటికే బొగ్గుతో సమానంగా నిలబడింది. సాయంత్రం బజారులో ఎనిమిది, పది పెట్టి కొనడం కంటే చవక. 2022 నాటి 10.83 లక్షల అద్దెతో ఇదే లెక్క వేస్తే ఒక్క అద్దె భాగమే పద్దెనిమిది రూపాయలు. మూడేళ్లలో వచ్చిన మార్పు ఇది.

ఇప్పుడు అదే రెండు లక్షల బ్యాటరీని రోజూ కాకుండా ఏడాదికి నూరు రోజులే వాడామనుకోండి. అద్దె ఆగదు, వాడినా వాడకున్నా కట్టాల్సిందే. అప్పుడు యూనిట్‌కు అద్దె భాగం మూడు రూపాయల ముప్పైమూడు పైసల నుంచి పన్నెండు రూపాయలకు చేరుతుంది. వస్తువు అదే, టెండరు అదే. గుంటూరు శీతల గిడ్డంగిలో మిర్చి టిక్కీని నెలల తరబడి ఉంచి మంచి ధర చూసి అమ్ముకున్నా రైతుకు గిట్టవచ్చు. బ్యాటరీకి అది కుదరదు. రోజూ నిండి రోజూ ఖాళీ అయితేనే దాని బాకీ తీరుతుంది.

అందుకే వేలంలో రికార్డు ధర పలికిందన్న వార్త చూసి నేను సంబరపడను. తెలుగు రాష్ట్రాల వినియోగదారులకు స్థిర ఛార్జీల బాధ కొత్త కాదు. థర్మల్ కేంద్రం నుంచి ఒక్క యూనిట్ కొనకున్నా ఒప్పందం ప్రకారం కోట్లు చెల్లించిన సంగతులు ప్రతి టారిఫ్ విచారణలోనూ వింటూనే ఉన్నాం. బ్యాటరీ అద్దె కూడా స్వభావంలో స్థిర ఛార్జీయే. లోడ్ డిస్పాచ్ కేంద్రంలో మరుసటి రోజు ధరలు చూసి ఎప్పుడు నింపాలి, ఎప్పుడు వదలాలి అని నిర్ణయించే నైపుణ్యం ఉన్న మనుషులు, సాఫ్ట్‌వేర్ లేకపోతే చవక బ్యాటరీ ఖరీదైన అలంకారంగా మిగులుతుంది.

చైనా ఈ పాఠం డబ్బు పోసి నేర్చుకుంది. అక్కడ చాలా రాష్ట్రాలు కొత్త సోలార్, విండ్ కేంద్రాలకు తోడుగా బ్యాటరీ తప్పనిసరి అని నిబంధన పెట్టాయి. కంపెనీలు అనుమతి కోసం చవక బ్యాటరీలు తెచ్చి పెట్టాయి. గ్రిడ్ వాళ్లు వాటిని పెద్దగా పిలవలేదు. చాలా భాగం ఊరికే పడి ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో ఆ షరతును ఎత్తేసి, మార్కెట్ ధరల మీద నడవమన్నారు. సరిగ్గా అదే నెలలో మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, సోలార్ టెండర్లలో సామర్థ్యంలో పదోవంతుకు రెండు గంటల నిల్వ జోడించాలని రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. సలహా తప్పని అనను. ఆ నిల్వ పగ్గాలు ఎవరి చేతిలో ఉంటాయో ఒప్పందంలోనే రాసుకోకపోతే చైనా అనుభవమే మనకూ ఎదురవుతుంది.

ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా చూపించినవి

2016 సెప్టెంబరులో తుపాను గాలులకు టవర్లు కూలి దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమంతా చీకటైంది. మరుసటి ఏడాది అక్కడి హార్న్స్‌డేల్‌లో వంద మెగావాట్ల టెస్లా బ్యాటరీ పెట్టారు. అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. 2017 డిసెంబరులో వందల కిలోమీటర్ల దూరాన ఒక బొగ్గు యూనిట్ ఉన్నట్టుండి పడిపోయి 560 మెగావాట్లు మాయమైతే, సెకనులో కొంత భాగంలోనే ఈ బ్యాటరీ కరెంటు వదలడం మొదలుపెట్టింది. బొగ్గు, నీటి టర్బైన్లు అంత వేగంగా స్పందించలేవు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీని నిలబెట్టే ఈ సేవకు అక్కడ విడిగా మార్కెట్ ఉంది. బ్యాటరీ వచ్చాక ఆ సేవల ఖర్చు గణనీయంగా తగ్గింది, యజమానికీ మంచి రాబడి వచ్చింది.

అది చూసి మరికొందరు బ్యాటరీలు పెట్టారు. ఆ సేవ ధర కరిగిపోయింది. ఇది ఈ రంగపు మౌలిక ఆర్థిక నియమం: మొదటి బ్యాటరీ సంపాదించినంత పదోది సంపాదించదు. ఫ్రీక్వెన్సీ సేవకు కావలసింది కొన్ని వందల మెగావాట్లే. అది నిండాక మిగిలేది పగలు కొని రాత్రి అమ్మడం. అందులోనూ రాత్రి బజారుకు బ్యాటరీలు పెరిగేకొద్దీ రాత్రి ధర దిగుతుంది, పగలు నింపేవాళ్లు పెరిగి పగటి ధర కొంచెం లేస్తుంది. ఇవాళ్టి పది రూపాయలకూ రెండు రూపాయలకూ మధ్య ఉన్న తేడాను చూపించి పన్నెండేళ్ల రాబడి అంచనా వేస్తే తప్పుతుంది. వినియోగదారుడికి మాత్రం ఇది మేలు. రాత్రి ధర దిగడమే కదా మనకు కావలసింది.

కాలిఫోర్నియా 2024లో పది వేల మెగావాట్ల బ్యాటరీలు దాటింది. ఆ వసంతంలో కొన్ని సాయంత్రాలు కాసేపు రాష్ట్రంలోని గ్యాసు, జలవిద్యుత్తులను మించి బ్యాటరీలే అతి పెద్ద వనరుగా నిలిచాయి. అక్కడ ఎక్కువగా నాలుగు గంటల నిల్వ పెడతారు. దానికి కారణం ఒక నిబంధన: నాలుగు గంటలు ఆగకుండా ఇవ్వగలిగితేనే సామర్థ్యపు సొమ్ము పూర్తిగా దక్కుతుంది. మన టెండర్లు ఎక్కువగా రెండు గంటలవి. మనకు సాయంత్రపు ఒత్తిడి ఏడు నుంచి పదకొండు దాకా సాగుతుంది కాబట్టి రెండు గంటల బ్యాటరీ సగం దారిలోనే అయిపోతుంది. సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ రెండు వేల మెగావాట్ల సోలార్‌కు నాలుగు గంటల నిల్వ జోడించి పిలిచిన టెండరులో 2024 డిసెంబరులో యూనిట్ 3.52 రూపాయలకు రావడం నాకు ఇంతవరకు కనిపించిన ఆశాజనకమైన అంకె. అది పగటి, రాత్రి యూనిట్లు కలగలిపిన సగటని మరవకూడదు.

అదే కాలిఫోర్నియాలో 2025 జనవరిలో మాస్ లాండింగ్ బ్యాటరీ కేంద్రం తగలబడింది, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. అందులోవి నికెల్ రకం, అదీ ఒకే భవనంలో కిక్కిరిసి పెట్టినవి. ఇప్పుడు పెడుతున్న ఐరన్ ఫాస్ఫేట్ పెట్టెలు విడివిడిగా, ఆరుబయట ఉంటాయి, ప్రమాదం తక్కువ. తక్కువంటే లేదని కాదు. ఊరి పక్క సబ్‌స్టేషన్‌లో పెట్టే ముందు అగ్నిమాపక సిబ్బందికి శిక్షణ ఇవ్వడం కనీస బాధ్యత.

బ్యాటరీకి ముందు చేయవలసినవి

తెలుగు నేల మీద కరెంటు నిల్వ కొత్త సంగతి కాదు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున వెనక్కి తిరిగి నీళ్లు ఎత్తిపోసే టర్బైన్లున్నాయి. శ్రీశైలం ఎడమగట్టువే ఆరు యూనిట్లు, 900 మెగావాట్లు. సాగర్ దిగువన టెయిల్‌పాండ్ పూర్తి కాక అక్కడి యంత్రాలు ఏళ్ల తరబడి ఎత్తిపోసే పనికి రాలేదు. కృష్ణా నీటి మీద రెండు రాష్ట్రాల తగాదా ఆ పైన. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో కట్టిన 1,680 మెగావాట్ల కేంద్రం నది పారుదలతో పని లేకుండా రెండు జలాశయాల మధ్య అదే నీటిని తిప్పుతుంది. ఆరు గంటలు నిలుస్తుంది.

ఇలా నీళ్లు ఎత్తిపోసి కరెంటు నిల్వ చేసే పంప్డ్ స్టోరేజీ పక్షం వాళ్లు బ్యాటరీ పన్నెండు, పదిహేనేళ్లకు అరిగిపోతుందని, తమది నలభై ఏళ్లు దాటినా నడుస్తుందని అంటారు. నిజమే. అయితే దాన్ని కట్టడానికి ఐదారేళ్లు పడుతుంది, అడవి, భూమి, పునరావాసం చిక్కులుంటాయి. బ్యాటరీ ఏడాదిన్నరలో వచ్చేస్తుంది, కావలసిన సబ్‌స్టేషన్‌లోనే కూర్చుంటుంది. ఢిల్లీ కిలోక్రిలో పెట్టిన 20 మెగావాట్ల బ్యాటరీ నగరం నడిబొడ్డున ఫీడర్ల మీది ఒత్తిడి తగ్గించడానికే. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే రాత్రులు రెండు మూడు గంటలు మాత్రమే మితిమీరే ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఇలాంటివి పెడితే కొత్త లైన్ల ఖర్చు కొన్నేళ్లు వాయిదా పడుతుంది. ఆరేడు గంటల పనికి కొండల మీద నీళ్లు, రెండు నాలుగు గంటల పనికి బ్యాటరీ అన్న విభజన నాకు సబబుగా తోస్తుంది. బ్యాటరీ ధర ఇలాగే పడితే ఆ సరిహద్దు జరుగుతుంది. అందుకని కాగితం మీదున్న పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులన్నిటికీ ఇవాళే నలభై ఏళ్ల ఒప్పందాలు రాసేయడం మంచిది కాదు.

రెండూ చేయలేని పని ఒకటుంది. వానాకాలంలో మబ్బులు కమ్మి రోజుల తరబడి సోలార్ తగ్గితే ఏ బ్యాటరీ ఆదుకోదు. అప్పటికి రాయలసీమ గాలి, నిండిన జలాశయాలు, ఉన్న బొగ్గు కేంద్రాలే దిక్కు. బ్యాటరీ వస్తే బొగ్గు వెంటనే పోతుందని చెప్పేవాళ్లు ఈ రోజులను లెక్కలోకి తీసుకోవడం లేదు.

వీటన్నిటికంటే చవకైన నిల్వ మన పొలాల్లోనే ఉంది. మోటారు మధ్యాహ్నం తిరిగినా, అర్ధరాత్రి తిరిగినా మడికి అందే నీరు ఒకటే. ఒకప్పుడు వ్యవసాయానికి రాత్రి కరెంటు ఇచ్చి, రైతును చీకట్లో పాములకూ షాకులకూ వదిలేశారు. ఆంధ్రప్రదేశ్ పగటిపూట తొమ్మిది గంటల సరఫరాకు మారడం రైతు ప్రాణానికి మంచిదైంది, సోలార్ రాకతో గ్రిడ్‌కూ మంచిదైంది. తెలంగాణలో 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటలూ ఉచితం కాబట్టి మోటారు ఎప్పుడు తిరగాలో ఎవరి చేతిలోనూ లేదు. ఆటోమేటిక్ స్టార్టరు పెట్టుకున్న రైతును తప్పుపట్టను. కానీ సాయంత్రం ఏడింటికి ఆ మోటార్ల కోసం బ్యాటరీ కొనడం కంటే పగటి సరఫరా మీద నమ్మకం కలిగించి లోడును పగటికి జరపడం ఎన్నో రెట్లు చవక.

పరిశ్రమలకు, ఇళ్లకు ఇదే పని ధర చేయాలి. 2023 జూన్‌లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం సోలార్ వేళల్లో టారిఫ్ కనీసం 20 శాతం తక్కువగా, పీక్ వేళల్లో ఎక్కువగా ఉండాలి. వ్యవసాయానికి మినహాయింపు ఉంది. దీన్ని సరిగా అమలు చేస్తే కొనవలసిన బ్యాటరీలే తగ్గుతాయి.

సెల్స్ విషయానికొస్తే, మనం కొనే గ్రిడ్ బ్యాటరీల్లో గుండెకాయ లాంటి సెల్ ఇంకా చైనా నుంచే వస్తోంది. 2021లో 18,100 కోట్లతో ప్రకటించిన 50 గిగావాట్ అవర్ల ప్రోత్సాహక పథకం అనుకున్న వేగంతో కదల్లేదు. సీసం బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న మన అమరరాజా మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేసింది. అలాంటివి నిలదొక్కుకునేలోగా చైనా ఎగుమతుల మీద ఆంక్ష పెడితే మన టెండర్ల ధరలన్నీ మారిపోతాయి. ఆ ప్రమాదానికి ఎవరు బాధ్యులో, డిస్కమా, కంపెనీయా, ఒప్పందాల్లో స్పష్టంగా ఉండాలి.

బ్యాటరీలు కొనడానికి ఇది తగిన సమయమేనని నా తీర్పు. నాలుగు గంటలవి, ఒత్తిడి ఉన్న సబ్‌స్టేషన్ల దగ్గర, డిస్కం పూర్తి అదుపులో ఉండేలా, విడతలు విడతలుగా. ఒకేసారి పదేళ్ల అవసరం కొనిపెట్టుకుంటే వచ్చే ఏడాది తగ్గే ధర లాభం పోతుంది.

వీటి అద్దె చివరికి టారిఫ్‌లోకీ ట్రూఅప్ ఛార్జీల్లోకీ, అంటే మన బిల్లులోకే వస్తుంది. రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు ఏటా టారిఫ్ మీద బహిరంగ విచారణ జరుపుతాయి, ఏ వినియోగదారుడైనా అభ్యంతరం రాసివ్వవచ్చు, మాట్లాడవచ్చు. రైతు సంఘాలు, కాలనీ సంఘాలు, చిన్న పరిశ్రమల వాళ్లు ఈసారి వెళ్లినప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి: ప్రతి బ్యాటరీ కిందటేడు ఎన్నిసార్లు నిండి ఖాళీ అయింది, ఏ ధరకు నింపారు, ఏ వేళ వదిలారు? ఆ వివరాలు నెలనెలా డిస్కం వెబ్‌సైట్‌లో పెట్టాలని మండలి ఆదేశించేదాకా అడుగుతూనే ఉండండి.